లక్క ప్లేటులో తెలుగు పాట

ఛత్తీస్‌గఢ్ అడవుల్లోని లక్కతో పుట్టి, భిలాయి క్వార్టర్ల అటకల మీదికి చేరిన గ్రామఫోన్ రికార్డులకు మళ్లీ మంచిరోజులొచ్చాయి. అయితే వాటిని ఏరి దాచుకునేవారి సంబరం వెనక ఒక తొందర కూడా ఉంది.

భిలాయి పవర్ హౌస్ స్టేషన్‌లో రైలు దిగి జవహర్ మార్కెట్ వైపు నడిచేవారికి తెలుగు మాట వినపడటానికి ఎంతోసేపు పట్టదు. అదీ పుస్తకాల తెలుగు కాదు, అచ్చమైన ఉత్తరాంధ్ర యాస. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి ఉక్కు కర్మాగారానికి పునాదులు పడిన రోజుల నుంచే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల వాళ్లు ఇక్కడికి రావడం మొదలైంది. 1931లో పూర్తయిన రాయపూర్-విజయనగరం రైలు మార్గం వారికి దారి చూపింది. 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించాక ఆ రాక మరింత ఊపందుకుంది. పవర్ హౌస్ చుట్టూ ఉన్న క్యాంపులు, ఖుర్సీపార్ బస్తీలు, టౌన్‌షిప్ సెక్టార్లు.. తెలుగువాళ్లు లేని చోటు వెతుక్కోవాల్సిందే.

ఊరు వదిలి వచ్చినవాళ్లకు పని దొరికింది, తలదాచుకోవడానికి ఇల్లు దొరికింది. పాటే దొరకలేదు. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948లోనే మొదలైనా దాని ప్రసారాలు పగటిపూట ఇంత దూరం అందే ప్రశ్నే లేదు. పైగా 1952 తర్వాత కొన్నేళ్లపాటు సమాచార, ప్రసారాల మంత్రి బి.వి.కేస్కర్ ధర్మమా అని ఆకాశవాణిలో సినిమా పాటకే కరువొచ్చింది. షార్ట్ వేవ్ గరగరల మధ్య రేడియో సిలోన్ తెలుగు కార్యక్రమం కోసం, అందులో మీనాక్షి పొన్నుదురై గొంతు కోసం చెవులు రిక్కించిన తరం అది. ఇష్టమైన పాటను ఇష్టమైన వేళ వినాలంటే ఒకటే మార్గం, రికార్డు కొనుక్కోవడం. పాటంటే చెవి కోసుకునేవాళ్లు పండగ బోనస్‌లో కొంత మిగుల్చుకుని ఆ పనే చేశారు.

ఆ తరం ఉద్యోగాలు ముగిసి చాలా కాలమైంది. కర్మాగారం ఇచ్చిన క్వార్టరును రిటైరయ్యాక ఖాళీ చేయక తప్పదు. అటక మీది పెట్టె కిందికి దిగేది అప్పుడే. అందులో నల్లటి పళ్లేల దొంతర, మీద దుమ్ము. ఇంట్లో వాటిని మోగించే యంత్రం ఉండదు, ఉన్నా సూది ఉండదు. పాత పేపర్లకు, ఇనప సామానుకు తూకం వేసి డబ్బిచ్చే కబాడీవాలా కూడా వీటిని చూసి పెదవి విరుస్తాడు. పాత లక్క ప్లేటుకు తుక్కు ధర కూడా రాదు మరి. పగిలితే పెంకులే.

పోతే పోయింది, పాటలన్నీ ఇప్పుడు ఫోన్‌లోనే ఉన్నాయి కదా అనిపించడం సహజం. కానీ అన్నీ లేవు. రికార్డుల సేకరణ అనే సరదాలోని అసలు కథ అక్కడే మొదలవుతుంది.

అడవి నుంచి అటకకు

ఇప్పుడు అందరూ వినైల్ అంటున్నారు గానీ, పాత తరం చేతుల్లో తిరిగిన 78 ఆర్‌పీఎం ప్లేట్లు వినైల్‌వి కావు, లక్కవి. మోదుగ, రేగు, కుసుమ్ చెట్ల రెమ్మలను పట్టుకుని రసం పీల్చి బతికే చిన్న పురుగు తన ఒంటి చుట్టూ కట్టుకునే గూడే లక్క. దాన్ని గీకి, కడిగి, కరిగించి రేకులుగా లాగితే షెల్లాక్ అవుతుంది. అందులో రాతిపొడి, మసి, కాస్త నూలు పీచు కలిపి వేడిమీద అచ్చు గుద్దితే గ్రామఫోన్ ప్లేటు. దేశంలో లక్క ఎక్కువగా పండే రాష్ట్రాల్లో జార్ఖండ్‌తో పాటు ఛత్తీస్‌గఢ్ ఒకటి. భిలాయికి దక్షిణంగా ఉన్న ధమ్తరి, కాంకేర్ అడవులు ఈ పంటకు పేరుపడ్డవే. దుర్యోధనుడు పాండవులకు కట్టించిన లక్క ఇల్లు తెలిసినవాళ్లకు, ఏటికొప్పాక లక్క బొమ్మలతో ఆడుకున్నవాళ్లకు ఈ సరుకు కొత్తదేమీ కాదు. అది పాట కూడా పాడుతుందని మాత్రం ఇరవయ్యో శతాబ్దంలోనే తెలిసింది.

1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే రికార్డింగ్ నిపుణుడు లండన్‌లోని గ్రామఫోన్ కంపెనీ తరఫున కలకత్తా వచ్చాడు. హోటల్ గదిలో పెద్ద బాకా ముందు గాయనీ గాయకులను నిలబెట్టి పాడించుకున్నాడు. అప్పటికి మైకు లేదు. బాకాలోకి దూరిన గాలే సూదిని కదిలించాలి. వారిలో గౌహర్ జాన్ పాట చివర తన పేరు తనే ఇంగ్లిషులో చెప్పుకున్న తీరు చరిత్రకెక్కింది. అది గొప్ప కోసం కాదు. రికార్డు అచ్చయ్యేది జర్మనీలోని హానోవర్‌లో. అక్కడి పనివాళ్లకు ఏ పాట ఎవరిదో తెలియాలంటే గుర్తు ఉండాలి కదా. మన అడవిలో పుట్టిన లక్క ఓడెక్కి యూరప్ వెళ్లి, మన గొంతును నింపుకుని మళ్లీ మన బజారుకే వచ్చేదన్నమాట. 1908లో కలకత్తా సియాల్దాలో ఫ్యాక్టరీ పెట్టాక ఆ తిప్పలు తప్పాయి. 1928లో డమ్‌డమ్‌లో పెద్ద కర్మాగారం వచ్చింది. కుక్కబొమ్మ రికార్డులు దేశమంతా పరచుకున్నది అక్కడి నుంచే.

ఈ లక్క ఎంత విలువైనదో రెండో ప్రపంచ యుద్ధంలో తేలింది. యుద్ధ అవసరాలకు కావాలని 1942లో అమెరికా ప్రభుత్వం రికార్డుల తయారీకి వాడే షెల్లాక్‌లో 70 శాతం కోత పెట్టింది. పాత రికార్డులు తిరిగివ్వండి, వాటిని నూరి కొత్తవి చేస్తామని కంపెనీలు జనాన్ని బతిమాలుకున్నాయి. అలా ఎన్ని పాత గొంతులు మరలో పడి పిండయ్యాయో ఊహించుకోవచ్చు. ఆ కొరతే ప్రత్యామ్నాయం వైపు వేగంగా నడిపింది. 1948లో కొలంబియా కంపెనీ వినైల్ ప్లాస్టిక్‌తో నిమిషానికి 33 1/3 చుట్లు తిరిగే ఎల్పీని అమెరికాలో విడుదల చేసింది. మన దేశంలో లక్క ప్లేటు అంత తొందరగా పోలేదు. చేతితో తిప్పి కీ ఇచ్చే గ్రామఫోన్ కరెంటు లేని ఊళ్లలోనూ పాడేది కాబట్టి 1960ల్లోనూ డమ్‌డమ్‌లో అవి తయారయ్యాయి. ఎంతదాకా అంటే బీటిల్స్ పాటలను కూడా 78 ఆర్‌పీఎం ప్లేట్ల మీద అచ్చేసిన దేశాల్లో మనదొకటి. బ్రిటన్‌లోనే దొరకని ఆ ప్లేట్ల కోసం విదేశీ సేకర్తలు ఇప్పుడు ఎగబడతారు.

మూడు నిమిషాల్లో పద్యం

పది అంగుళాల లక్క ప్లేటులో ఒక వైపు పట్టేది మూడు నిమిషాల పై చిలుకు. ఈ చిన్న సంగతి తెలుగు పాట తీరునే మార్చేసింది. రంగస్థలం మీద ఒక్క పద్యానికి రాగం తీసి తీసి, జనం వన్స్‌మోర్ కొడితే మళ్లీ అందుకుని, అర్ధరాత్రి దాటించే నటులకు రికార్డింగ్ గదిలో గడియారం అడ్డొచ్చింది. స్థానం నరసింహారావు, కపిలవాయి రామనాథశాస్త్రి వంటి వారి గొంతులు మనకు మిగిలింది ఆ కత్తిరింపుతోనే. నాటకం చూడని ఊరికి కూడా రికార్డు వెళ్లింది. ఊరి నటుడు దాన్ని వింటూ అదే మెట్టులో పద్యం నేర్చుకున్నాడు. నాటకాలను నాటకాలుగానే నాలుగైదు ప్లేట్ల సెట్లుగా తెచ్చిన కంపెనీలూ ఉన్నాయి. ఆ సెట్టులో ఒక్క ప్లేటు పగిలినా కథలో ఒక రంగం ఎగిరిపోతుంది. పూర్తి సెట్టు దొరికిన సేకర్త ఆనందం సామాన్యులకు అర్థం కాదు.

తెలుగు రికార్డు అంటే తెలుగువారు పాడిందని గానీ, తెలుగు నేల మీద తయారైందని గానీ అర్థం కాదు. తొలినాళ్ల దక్షిణాది రికార్డుల్లో త్యాగరాజ కృతులు పాడినవారిలో తమిళ, కన్నడ గాయనులు ఎందరో. మద్రాసే కేంద్రం. తర్వాత ఏవీఎం స్టూడియో అధినేతగా పేరు తెచ్చుకున్న ఎ.వి.మెయ్యప్పన్ మొదట రికార్డుల వ్యాపారే. భాగస్వాములతో కలిసి ఆయన నడిపిన సరస్వతి స్టోర్స్ ఓడియన్ ముద్రతో రికార్డులు తెచ్చింది. హెచ్ఎంవీ, కొలంబియా, ఓడియన్, ట్విన్, హచిన్స్.. ఈ పేర్లు చెబుతుంటే పాత సేకర్తల కళ్లు మెరుస్తాయి. ఒక్కో కంపెనీ లేబుల్ రంగు, అచ్చు అక్షరాల తీరు చూసి రికార్డు వయసు చెప్పగలిగినవాళ్లున్నారు.

ఘంటసాల కథ కూడా ప్లేటుతో ముడిపడిందే. గొంతు రికార్డుకు పనికిరాదని ఒకసారి తిప్పి పంపిన హెచ్ఎంవీలోనే, పేకేటి శివరాం పూనుకోవడంతో ఆయనకు అవకాశం దక్కింది. జంధ్యాల పాపయ్య శాస్త్రి 'పుష్పవిలాపం' పద్యాలు ఆయన గొంతులో ఇంటింటికీ చేరింది సినిమా ద్వారా కాదు, ప్రైవేటు రికార్డు ద్వారా. రావు బాలసరస్వతీదేవి, టంగుటూరి సూర్యకుమారి వంటి వారు సినిమాతో సంబంధం లేకుండా పాడిన లలిత గీతాలది కూడా ఇదే దారి. సినిమా పాటకు సినిమా ప్రింటైనా తోడుంటుంది. ప్రైవేటు పాటకు ప్లేటు ఒక్కటే ఆధారం.

సినిమా పాట సంగతి మాత్రం అంత నిశ్చింతగా ఉందా అంటే అదీ లేదు. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చింది. ఇప్పుడు దాని ప్రింటు లేదు. 1930లు, 40ల నాటి సినిమాల్లో అలా మాయమైనవి ఎన్నో. సినిమా పోయినా పాట మిగిలిందంటే ఎక్కడో ఒక ప్లేటు పగలకుండా ఉండటం వల్లే. ఇంకో చిక్కు ఉంది. ఆ రోజుల్లో చాలా సినిమాల పాటలను రికార్డు కోసం మళ్లీ విడిగా పాడించేవారు. తెరమీద విన్నది ఒకటి, ప్లేటులో ఉన్నది ఇంకొకటి. కొన్నిసార్లు గొంతే వేరు. లేబుల్ మీద ఉన్న పేరు కూడా వేదవాక్కు కాదు. 1949 నాటి హిందీ సినిమా 'మహల్'లో లతా మంగేష్కర్‌ను దేశమంతటికీ పరిచయం చేసిన పాట రికార్డు మీద గాయని పేరు కామిని అని ఉంది. అది సినిమాలో పాత్ర పేరు!

ఇంటినిండా ప్లేట్లే

ఇలాంటి చిక్కుముళ్లు విప్పడమే వ్యసనంగా పెట్టుకున్నవారిలో తెలుగువారికి అందరికంటే ముందు గుర్తొచ్చే పేరు వి.ఎ.కె.రంగారావు. జమీందారీ కుటుంబంలో పుట్టి మద్రాసులో స్థిరపడిన ఆయన పోగు చేసిన రికార్డులు నలభై వేలకు పైమాటే. ఎక్కువ భాగం 78 ఆర్‌పీఎంవి. భాషలూ పదుల సంఖ్యలో. ఈ సేకరణ లిమ్కా బుక్‌లోకీ ఎక్కింది. కానీ ఆయన్ను లెక్క కోసం తలచుకోవడం ఆయనకు అన్యాయం చేయడమే. పోగు చేసేవారు చాలామంది ఉంటారు. విన్నదాన్ని రాసిపెట్టేవారు తక్కువ. రికార్డు నెంబరు, పాటల పుస్తకం, సినిమా టైటిళ్లు, బతికున్న కళాకారుల జ్ఞాపకం, ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి ఏది నిజమో తేల్చడం ఆయన పద్ధతి. 'ఆలాపన' పేరుతో ఆయన రాసిన వ్యాసాలు చదివి తెలుగు సినిమా పాటను కొత్తగా వినడం నేర్చుకున్నవాళ్లున్నారు. నిర్మొహమాటంగా రాస్తారని పేరు. తన మాట తప్పని తేలితే దిద్దుకోవడానికీ రికార్డే సాక్ష్యం.

రికార్డులు తీసిన కంపెనీలే పాత ప్లేట్లన్నిటినీ పద్ధతిగా దాచుకున్నాయని అనుకుంటే పొరపాటు. అచ్చు దిమ్మెలు అరిగిపోయాయి, కొన్ని కరిగిపోయాయి. కొన్ని కంపెనీలే మూతపడ్డాయి. పాత పాటల క్యాసెట్లు, సీడీలు తేవాలనుకున్నప్పుడు సేకర్తల ఇంటి తలుపు తట్టక తప్పని సందర్భాలు వచ్చాయి. తయారుచేసినవాడి దగ్గర లేని సరుకు కొన్నవాడి దగ్గర దొరకడం ఈ రంగంలోనే చూస్తాం.

ముంబయిలో 1990లో మొదలైన సొసైటీ ఆఫ్ ఇండియన్ రికార్డ్ కలెక్టర్స్ ఇలాంటివారందరినీ కలిపింది. టాటా మౌలిక పరిశోధనా సంస్థలో భౌతికశాస్త్రవేత్తగా పనిచేసిన సురేశ్ చాంద్వాంకర్ దానికి వెన్నెముక. 'ది రికార్డ్ న్యూస్' పేరుతో ఆ సంఘం తెచ్చిన పత్రిక నిండా ఫలానా గాయని ఫలానా ఏడాది ఎన్ని ప్లేట్లిచ్చింది అన్న గోలే. బయటివారికి అది చాదస్తం. గౌహర్ జాన్ జీవితచరిత్ర రాసి 2010లో ప్రచురించిన విక్రమ్ సంపత్‌కు, ఆ తర్వాత పాత ప్లేట్లను డిజిటల్‌లోకి మార్చి ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టిన ఆర్కైవ్ ఆఫ్ ఇండియన్ మ్యూజిక్‌కు అలాంటి చాదస్తులే పెట్టుబడి. కేరళలోని కొట్టాయం జిల్లా ప్లాశనాల్‌లో సన్నీ మాథ్యూ 2015లో ఏకంగా గ్రామఫోన్ మ్యూజియమే తెరిచారు.

సూది దించే వేళ

ఇంత తాపత్రయంలో ఆనందం ఎక్కడుంది? వేటలో సగం ఉంది. మద్రాసు మూర్ మార్కెట్ 1985 మే నెలలో కాలిపోయేదాకా దక్షిణాది సేకర్తలకు అదే కాశీ. కలకత్తాలో ఫ్రీ స్కూల్ స్ట్రీట్, ముంబయిలో చోర్ బజార్, హైదరాబాద్‌లో జుమేరాత్ బజార్.. వెతికేవాడికి మోకాళ్ల నొప్పులు తప్పవు. నేలమీద గుట్టగా పోసిన ప్లేట్లలో ఒక్కొక్కటీ ఎత్తి, ఎండకు వాల్చి చూసి, గీతలు లెక్కపెట్టి, మొహంలో ఆశ కనపడనీయకుండా బేరమాడాలి. ఆశ కనపడిందా, ధర మూడింతలు. భిలాయి లాంటి ఊళ్లో వేట ఇంకో రకం. ఇక్కడ బెంగాలీ, ఒడియా, మలయాళీ, పంజాబీ, తెలుగు కుటుంబాలు పక్కపక్క క్వార్టర్లలో బతికాయి. పాత సామాన్ల గుట్టలో ఘంటసాల పక్కన హేమంత కుమార్ దొరుకుతాడు. సోవియట్ నిపుణులు కుటుంబాలతో సహా ఉండి వెళ్లిన ఊరు కాబట్టి రష్యన్ లిపిలో మెలోదియా అని రాసిన ప్లేటు తగిలినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఇంటికి తెచ్చాక కడుగుడు. ఇక్కడే కొత్తవాళ్లు కొంప ముంచుకుంటారు. వినైల్ ఎల్పీని తుడిచే ద్రావకాల్లో కాస్త స్పిరిట్ కలిపి వాడేవారున్నారు. అదే చేత్తో లక్క ప్లేటును తుడిస్తే పాట గుడ్డకు అంటుకుని వస్తుంది. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది మరి. దానికి మంచినీళ్లు, మెత్తటి బ్రష్షు చాలు, అదీ లేబుల్ తడవకుండా. సూది సంగతీ అంతే. 78 గాడి వెడల్పు, దానికి కావాల్సిన సూది మొన దాదాపు 75 మైక్రాన్లు. ఎల్పీ సూది అందులో మూడో వంతు కూడా ఉండదు. ఎల్పీ సూదితో లక్క ప్లేటును మోగిస్తే అది గాడి అడుగున చేరిన దుమ్మును దున్నుకుంటూ పోతుంది. వినపడేది పాట కాదు, పెనం మీద ఆవాలు. పూర్వం కీ ఇచ్చే గ్రామఫోన్‌కు ఉక్కు సూది వాడేవారు, ఒక్కో పాటకు ఒక్కో సూది. సూది డబ్బాలనే విడిగా సేకరించేవారున్నారంటే వింతేమీ లేదు, వాటి మూతల బొమ్మలు అంత బాగుంటాయి.

వినైల్‌లో వినపడే 'వెచ్చదనం' డిజిటల్‌లో రాదన్న వాదం ఒకటుంది. దీన్ని కాస్త ఉప్పు వేసుకుని తినాలి. ఇప్పుడొస్తున్న కొత్త ఎల్పీల్లో చాలావరకు డిజిటల్ ఫైళ్ల నుంచి చెక్కినవే. 78లో బుసబుస, టపటపలు ఉండనే ఉంటాయి. ధ్వని నాణ్యతే కావాలనుకునేవాడు ఈ జోలికి రానక్కర్లేదు. తేడా వినే మనిషిలో ఉంది. మూడు నిమిషాలకోసారి లేచి ప్లేటు తిప్పాల్సినవాడు పాట మధ్యలో ఇంకో పని పెట్టుకోడు. 'ప్లేటు ఫిరాయించడం', 'అరిగిపోయిన రికార్డు' అని మనం రోజూ వాడే తిట్లు ఆ పనిలోంచి పుట్టినవే. తిట్లు మిగిలాయి, పనే పోయింది.

మైకు సెట్టు మహారాజులు

ఎల్పీల కాలం వచ్చేసరికి తెలుగునాట పెద్ద సేకర్తలు జమీందార్లు కాదు, మైకు సెట్ల వాళ్లు. పెళ్లికి, జాతరకు, వినాయక చవితి పందిరికి తాటిచెట్టు మీదో కొబ్బరిచెట్టు మీదో బాకా కట్టి రికార్డు వేసేవాడి దగ్గర ఊళ్లో ఎవరి దగ్గరా లేనన్ని ప్లేట్లుండేవి. 1963లో వచ్చిన ఎం.ఎస్.సుబ్బులక్ష్మి వేంకటేశ్వర సుప్రభాతం ఎల్పీతో పందిట్లో తెల్లవారేది. సాయంత్రమైతే డైలాగులు. 'ముత్యాలముగ్గు' (1975), 'దానవీరశూరకర్ణ' (1977) సంభాషణల రికార్డులు విని విని, సినిమా చూడనివాళ్లు కూడా రావు గోపాలరావును, ఎన్టీఆర్‌ను అప్పజెప్పేవారు. కళ్లతో చూడాల్సిన సినిమాను చెవులతో చూసిన ఘనత మనది.

ఘంటసాల భగవద్గీతది విచిత్రమైన గతి. 1974 ఫిబ్రవరి 11న ఆయన కన్నుమూశాక ఆ ఎల్పీ విడుదలైంది. ఊరూరా గుళ్లలో వినపడింది. తర్వాత్తర్వాత అంతిమయాత్రల వాహనాలకు అది నేపథ్య సంగీతమై, ఇప్పుడు ఎవరి ఇంట్లోనైనా పొద్దున్నే అది మోగితే పొరుగువాళ్లు కంగారుగా తొంగి చూసే పరిస్థితి. ఆ ప్లేటును మొదటిసారి మోగించినప్పుడు అది కేవలం పాటే.

1980ల్లో క్యాసెట్ వచ్చి ఈ మహారాజుల సింహాసనం లాగేసింది. చవక, చిన్నది, పగలదు, ఇంట్లోనే కాపీ చేసుకోవచ్చు. మైకు సెట్ల వాళ్ల ప్లేట్లు గోనెసంచుల్లోకి వెళ్లాయి. అసలే రోజుకు పది పందిళ్లలో అరిగినవి, ఆపైన తేమ, ఎలుకలు. ఈ రోజు దొరుకుతున్న తెలుగు రికార్డుల్లో గీతలు లేనిది అరుదుగా ఉండటానికి కారణం ఇదే. బాగా పాడిన పాటకే గాయాలెక్కువ. ఎవరూ వేయించుకోని ఫ్లాప్ సినిమా ప్లేటు తళతళలాడుతూ దొరుకుతుంది.

మోజు ఎవరికి, లాభం ఎవరికి?

ఇప్పుడు గాలి మళ్లింది. అమెరికాలో 2020లో వినైల్ రికార్డుల అమ్మకాల విలువ 1986 తర్వాత తొలిసారి సీడీలను దాటింది. 2022లో సంఖ్యలోనూ దాటేసింది. మన దేశంలో హెచ్ఎంవీ వారసురాలైన సరేగమ పాత హిందీ సినిమా ఎల్పీలను మళ్లీ అచ్చు వేయిస్తోంది. దశాబ్దాల విరామం తర్వాత 2024లో ముంబయిలో వినైల్ ముద్రించే కర్మాగారం మళ్లీ మొదలైంది. నగరాల్లో కుర్రకారు టర్న్‌టేబుల్ కొని ఫోటోలు పెట్టుకుంటున్నారు. కొనుక్కోనివ్వండి, మంచిదే.

అయితే ఈ మోజు వల్ల పవర్ హౌస్ అటక మీది పెట్టెకు ఒరిగేది తక్కువ. మార్కెట్టుకు కావాల్సింది 'షోలే', బీటిల్స్. 1930ల నాటి తెలుగు నాటక పద్యానికి రెండో ముద్రణ రాదు. దాని కొనుగోలుదారులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. చట్టం మాత్రం అడ్డు కాదు. మన కాపీరైట్ చట్టం ప్రకారం ధ్వనిముద్రణ మీద హక్కు విడుదలైన 60 ఏళ్లకు ముగుస్తుంది. పాట రాసినవారి, స్వరపరిచినవారి హక్కు వేరు, అది వారు పోయిన తర్వాత 60 ఏళ్లుంటుంది. యుద్ధానికి ముందటి పద్యాల విషయంలో ఎక్కువగా అదీ తీరిపోయే దశకు వచ్చింది. అంటే కాపీ చేసి పదిమందికి వినిపించడానికి ఇప్పుడు కావాల్సింది అనుమతి కంటే ముందు ప్లేటు. ఆ ప్లేటు ఏ ఊళ్లో, ఎవరి అటక మీద, ఏ రోజు కిందికి దిగుతుందో ఆ రోజు దాన్ని గుర్తుపట్టే కళ్లు అక్కడ ఉండాలి.

అందుకే పాత సేకర్తలు ఎవరు ఫోన్ చేసినా చెప్పే మాటలు కొన్ని ఉంటాయి. ముందు ఏమీ తుడవద్దు. పాతబడిన అట్ట కవరును పారేయొద్దు, దాని మీది కొట్టు ముద్ర ఆ రికార్డు ఏ ఊళ్లో కొన్నదో చెబుతుంది. లేబుల్‌ను రెండు వైపులా ఫోన్‌తో ఫోటో తీయాలి. లేబుల్‌కు ఆనుకుని నల్లటి భాగంలో సన్నగా చెక్కిన అంకెలు ఉంటాయి, వాటిని కాగితం మీద రాసుకోవాలి. కంపెనీ కాగితాలు లేనిచోట రికార్డింగ్ ఏది, ఎప్పటిది అన్నది తేల్చేవి ఆ అంకెలే. ఎవరు కొన్నారో, ఎవరు వినేవారో ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే అడిగి రాయాలి. భిలాయి ఎండకు రేకుల షెడ్డులోనో కారు డిక్కీలోనో వదిలేస్తే ఎల్పీ అప్పడంలా వంకర తిరుగుతుంది.

ఇక క్వార్టరు ఖాళీ చేసి దుర్గ్ నుంచి విశాఖ వెళ్లే రైల్లో సామానుతో పాటు ఊరికి తీసుకుపోవాలనుకుంటే ఒక జాగ్రత్త. లక్క ప్లేట్లను ఒకదానిమీద ఒకటి పడుకోబెట్టకూడదు. బరువుకు కింది ప్లేట్లు పగులుతాయి. పాత బట్టలు మధ్యలో కుక్కి, పుస్తకాల్లా నిలబెట్టి కట్టాలి.